ఒక్కచోటే ఉంచు

ఇంట్లో, కుట్టుమిషను దగ్గర
జనవరి 9

తమ్ముడూ,

నువ్వు ఫోను చేసినప్పుడల్లా నా చెవిలో మిషను కీచుమంటుంది. వినపడక నేను ఊఁ అంటాను, వినపడిందనుకుని నువ్వూ ఊఁ అంటావు. ఒకరికొకరు ఊఁ కొట్టుకోవడానికి ఫోనెందుకు? ఇక ఉత్తరాలే రాసుకుందాం. చిన్నప్పుడు నీ రాత కోడి కెలికినట్టుండేది, ఇప్పుడైనా బాగుపడిందేమో చూస్తాను.

మీ బావ పోయి నేటికి రెండు నెలలు. దుకాణానికి వెళ్తూనే ఉన్నాను. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకి వదులు చేయడం, చిక్కినవాళ్ళకి బిగించడం. చేతులకి పనుంటే బుర్ర ఊరుకుంటుంది, ఇంటికొచ్చాకే కష్టం. ఇరవై ఏడేళ్ళు స్టేషన్లో మైకు ముందు కూచుని ఏ రైలు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో అందరికీ చెప్పిన మనిషి, చివరికి మంచినీళ్ళని ఏమంటారో తెలియక గ్లాసు చూపించేవారు. ఆ మాటలు ఎటు పోయాయో కనుక్కుంటామని మీవాళ్ళు ఆయన మెదడు తీసుకున్నారు. నలుగురికి పనికొస్తుందన్నావు, సరేనన్నాను. నీ మాట మీద ఇచ్చాను తప్ప ఆ ఆఫీసు మీద నమ్మకంతో కాదు.

మొన్న వచ్చినప్పుడు మాటల్లో ఒకటన్నావు, అది మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎడమ సగం మందు నీళ్ళ సీసాలో ఉందని, కుడి సగాన్ని ముక్కలు చేసి గడ్డకట్టించారని, ఆ ముక్కల్ని కూడా రెండు వాటాలు చేసి రెండు ఫ్రీజర్లలో పెడతారని. సీసా సంగతి సరే, డాక్టర్లకి కావాలి. ఆ గడ్డకట్టినదాన్నైనా ఒక్కచోటే ఉంచలేవా? అక్కడ పెట్టెలు సర్దేది నువ్వే కదా.

అక్క


చల్లగది పక్కన, నా బల్ల
జనవరి 17

అక్కా,

కోడి ఇంకా బతికే ఉంది, చూసుకో.

నువ్వడిగింది కుదరదు. ఎందుకో చెప్తాను, కోప్పడకుండా చదువు. మా గదిలో రెండు పెద్ద ఫ్రీజర్లున్నాయి, ఒక్కొక్కటి మన పాత బీరువా అంత. లోపల సున్నా కింద ఎనభై డిగ్రీలు. ముతక గ్లౌజులు లేకుండా రేకు ముట్టుకుంటే తోలు ఊడి వస్తుంది. ఒకదానికి పదిహేడేళ్ళు, రోజంతా మూలుగుతూనే ఉంటుంది, తలుపు అంచున పేరుకున్న మంచుని వారానికోసారి చెక్క గరిటెతో నేను గీకాలి. దాన్ని తాతయ్య అంటాం. రెండోది పోయినేడు వచ్చింది. చప్పుడు చేయదు, పచ్చ దీపం వెలుగుతుంటుంది, ఆఫీసరుగారు రోజూ వచ్చి తుడిపించి వెళ్తారు. ఆ మర్యాదలు చూసి కొత్తల్లుడని పేరు పెట్టాం.

ఎవరి ముక్కలైనా సగం తాతయ్యలో, సగం కొత్తల్లుడిలో పెట్టాలి. ఒక మిషను చచ్చిపోతే రెండోదాంట్లో సగమైనా మిగులుతుంది. ఈ గదిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద నియమం ఇది. పెట్టెల మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరు ఎవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. బావగారిది మాత్రం తెలుసు, ఆ రోజు చీటీ అంటించింది నేనే కాబట్టి. ఆ చీటీ అంటించడానికి నాకు పావుగంట పట్టింది.

బావగారిని చెల్లాచెదురు చేశామనుకోకు. జాగ్రత్త కోసమే అలా పెట్టాం.

తమ్ముడు


ఇంట్లో
జనవరి 25

తమ్ముడూ,

నీ నియమం చదివాను, అర్థమైంది. అర్థమైనంత మాత్రాన మనసు వింటుందా?

ఆదివారం మధ్యాహ్నం కాస్త కునుకు పట్టింది. స్టేషన్లో ఉన్నాను. మీ బావ ఏదో రైలు పేరు చెబుతున్నారు, సగం మాట ఈ చివరి మైకులోంచి, మిగతా సగం ఆ చివరి మైకులోంచి వినిపిస్తోంది. ఎటు పరిగెత్తాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను. అంతలో మెలకువ వచ్చింది.

ఆయన జబ్బుతో ఉన్న నాలుగేళ్ళూ రోజుకొక మాట చొప్పున విడిపోతూనే ఉన్నారు. నేను చూస్తూ కూచున్నాను. ఇంకా విడగొట్టడం నా వల్ల కాదురా. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు, నీ అన్నం, నీ బట్టలు, నీ జ్వరాలు నేనే చూశాను. ఎన్నడూ ఎత్తి చూపలేదు. ఇవాళ సిగ్గు విడిచి ఎత్తి చూపుతున్నాను. ఒక్కచోటే ఉంచు.

అక్క


నా బల్ల
ఫిబ్రవరి 6

అక్కా,

చేశాను.

నిన్న తాతయ్యలో మంచు గీకే రోజు. అందులో ఉన్న బావగారి నాలుగు పెట్టెలు తీసి కొత్తల్లుడిలో రెండో అరలో, మిగతా నాలుగింటి పక్కన పెట్టాను. రిజిస్టరులో మాత్రం పాత చోటే ఉంచాను. పాతదాన్ని నమ్మలేం గానీ కొత్తది గట్టిదే. పైగా బావగారు మన ఇంటి అల్లుడేగా, ఆ మర్యాదలన్నీ ఆయనకీ చెల్లుతాయి.

ఇది నీకూ నాకూ మధ్యే. ఎవరికీ చెప్పకు. అమ్మ మాట ఎత్తితే నేను కాదనలేనని నీకు తెలుసు, అందుకే ఎత్తావు. గడుసుదానివి.

తమ్ముడు


దుకాణంలో, భోజనాల వేళ
మార్చి 3

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజున రెండు పూటలా కడుపునిండా తిన్నాను. నవ్వొస్తుంది కానీ నిజం.

మీ దగ్గర మెదళ్ళు పరీక్షించే డాక్టరమ్మ దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. మాట పోయే ఈ జబ్బు మనిషి మెదడుని గడ్డకట్టించి దాచినది తమ దగ్గర మీ బావది ఒక్కటేనట, జూన్‌లో పరీక్షలు మొదలుపెడతారట. చచ్చిన కణాల్లో కూడా ఇంకా ఏవేవో రాతలుంటాయట, అవి గడ్డకట్టి ఉంటేనే చదవగలరట, కరిగితే చెరిగిపోతాయట. ఎంత ఓపిగ్గా రాసిందో. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

దుకాణం యజమానురాలికి చూపించి, మా ఆయన జూన్‌లో మళ్ళీ డ్యూటీ ఎక్కుతున్నారని చెప్పాను. ఆవిడ నా మొహం వంక చూసి కాఫీ తెప్పించింది.

అక్క


నా బల్ల
మే 14

అక్కా,

ఉత్తరం ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. ఎండలు ముదిరాయి. తాతయ్య గట్టిగా మూలుగుతున్నాడు కానీ ఆగకుండా పనిచేస్తున్నాడు, ఇన్నాళ్ళూ అతన్ని చిన్నచూపు చూశాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మందు రాసుకుంటున్నావా? వేళకి తిను.

తమ్ముడు


ఇంట్లో
మే 22

తమ్ముడూ,

నాలుగు ముక్కలు రాశావు. అందులో నా మోకాలు ఉంది, ఎండలున్నాయి, తాతయ్య ఉన్నాడు. కొత్తల్లుడి ఊసే లేదు. నీకు తొమ్మిదేళ్ళప్పుడు గాజు కూజా పగలగొట్టి, నేను బయటనుంచి రాగానే నా కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని అడిగావు. గుర్తుందా?

ఏమైందో రాయి.

అక్క


నా బల్ల
మే 29

అక్కా,

నీకన్నీ అనుమానాలే. ఏమీ కాలేదు. బావగారు క్షేమంగా ఉన్నారు. పెట్టిన చోటే ఉన్నారు. జూన్‌లో అనుకున్న పరీక్షలు మాత్రం కొంచెం వెనక్కి వెళ్ళొచ్చంటున్నారు, ఆఫీసు వ్యవహారాలు. నువ్వు మనసు పాడుచేసుకోకు.

తమ్ముడు


ఇంట్లో
ఆగస్టు 11

తమ్ముడూ అని రాయడానికి ఈసారి చేయి రావడం లేదు.

ఇవాళ డాక్టరమ్మ ఉత్తరం వచ్చింది. మే నెల మొదట్లో మూడు రోజుల సెలవుల్లో కొత్త ఫ్రీజరు ఆగిపోయిందట. మిగతా అందరివీ సగం పాతదాంట్లో ఉండబట్టి దక్కాయట. గడ్డకట్టించినవాటిలో ఒక్క నంబరు మాత్రం పూర్తిగా పోయిందట, అది మీ బావది. రిజిస్టరు ప్రకారం రెండు చోట్లా ఉండాల్సినవి ఒకేచోట ఎందుకున్నాయో విచారిస్తున్నారట. క్షమించమని రెండుసార్లు రాసింది, ఆవిడ తప్పేమీ లేకపోయినా.

ఒకేచోట ఎందుకున్నాయో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అడిగిందాన్ని నేను. కాబట్టి పెట్టెలు మార్చినందుకు నిన్ననడానికి నాకు నోరు లేదు, అనను కూడా. కానీ మే ఇరవై తొమ్మిదిన ఆయన క్షేమంగా ఉన్నారని రాశావే, పెట్టిన చోటే ఉన్నారని రాశావే. ఆ రాత నా కళ్ళ ముందే ఉంది. జూన్ అంతా, జులై అంతా ఆ కాగితం పట్టుకుని తిరిగాను. ఇంత జరిగాక నువ్వేం రాసినా అది నిజమో కాదో తేల్చుకోవడానికి నేనెవరి దగ్గరికి వెళ్ళాలి? నాకు మిగిలింది నువ్వొక్కడివే కదరా.

అడిగింది నేనేనని మీ ఆఫీసుకి రాసి ఇవాళే పోస్టులో వేశాను.


నా గది
ఆగస్టు 19

అక్కా,

నీ ఉత్తరం మా ఆఫీసరుకి అందింది. పంపకుండా ఉండాల్సింది. తప్పు చేసింది నేను, ఒప్పుకున్నాను కూడా. విచారణలో ముగ్గురు కూచుని, ఎందుకు మార్చారని అడిగారు. మంచు గీకేటప్పుడు పొరపాటున పెట్టానని చెప్పాను. ఆ మర్నాడే నీ ఉత్తరం వాళ్ళ బల్ల మీదికొచ్చింది. ఆఫీసరుగారు అది నా ముందే చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫ్రీజరు వేడెక్కితే దానికున్న అలారం పెట్టె తనంతట తానే మాకు ఫోను చేస్తుంది. ఏప్రిల్‌లో ఆఫీసు ఫోను నంబర్లన్నీ మార్చారు, ఆ పెట్టెకి కొత్త నంబరు ఎక్కించాలని ఎవరికీ తట్టలేదు. మూడు రోజులూ అది పాత నంబరుకే చేస్తూ ఉంది. ఖాళీ చేసిన గదిలో, కుర్చీలు కూడా లేని చోట, ఫోను మోగుతూనే ఉంది. సెలవులయ్యాక పొద్దున నేనే ముందొచ్చాను. పచ్చ దీపం లేదు. తలుపు తీస్తే చల్లగాలి రాలేదు. రెండో అరలో బావగారి ఎనిమిది పెట్టెల కింద నీళ్ళు.

మిగతావాళ్ళ పెట్టెలు చూసినప్పుడు భయం వేయలేదు, సగం తాతయ్యలో ఉందని తెలుసు. బావగారివి మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూశాను, ఎనిమిదీ కరిగిపోయాయి. కరిగినవాటిని ఉంచకూడదు, కాల్చేయాలి. వేరేవాళ్ళ చేతికివ్వలేక నేనే తీసుకెళ్ళాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే ఇది నీ మాట వల్లే జరిగిందని నీకు తెలిసిపోతుంది. బావగారు పోయిన దుఃఖం మీద ఇదొకటి ఎలా పెట్టను? నేనొక్కడినే మోద్దామనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నీ దగ్గర నా మొహం చెల్లదని భయపడ్డాను. ఇందులో ఏది ఎక్కువో నాకే తెలియదు.

చల్లగది పనిలోంచి నన్ను తీసేశారు. గాజు పలకలు కడిగే చోట వేశారు. ఉద్యోగం పోలేదు, నీ ఉత్తరం వల్లే పోలేదని డాక్టరమ్మ చెప్పింది.

తమ్ముడు


ఇంట్లో
అక్టోబరు 2

తమ్ముడూ,

నెలన్నర నీకు రాయలేదు. కోపం కొంత, కానీ మొత్తం కోపం కాదు. నా దగ్గర కూడా నీకు చెప్పనిది ఒకటుంది. నీ మీద అరిచాక అది దాచుకోవడం మరీ కష్టమైంది.

డాక్టరమ్మ ఉత్తరం చదివాక ముందు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. ఒక్క నిమిషం. ఆ తర్వాతే ఏడ్చాను.

ఎందుకో విను. ఆ సమ్మతి కాగితం మీద మీ బావ సంతకం చేసే రోజుకి ఆయన దగ్గర ఒక్క మాటే మిగిలింది, అవును. ఆకలేస్తోందా అంటే అవును. ఇప్పుడే తిన్నారు కదా అంటే అవును. నేనెవరో తెలుసా అంటే అవును, తెలియదా అంటే అవును. మీ ఆఫీసావిడ అరగంటసేపు కాగితం చదివి వినిపించి, మీకు సమ్మతమేనా అంది. అవును అన్నారు. ఆవిడ సంతోషంగా కలం అందించింది. చేయి వణుకుతుంటే మణికట్టు నేను పట్టుకున్నాను. సంతకం ఆయన చేశారో, నేను చేయించానో నాకు తెలియదు. ఇంటికొచ్చాక పక్కన కూచుని, అర్థమయ్యే అన్నారా అని అడిగాను. అవును. అర్థం కాకుండానే అన్నారా అని అడిగాను. అవును.

అప్పట్నుంచీ దొంగతనం చేసినదానిలా ఉన్నాను. అడక్కుండా తీసుకున్నప్పుడు కనీసం ఒక్కచోటైనా ఉంచాలనిపించింది. నిన్ను అంతలా వేధించింది అందుకు. అమ్మ పేరు కూడా వాడుకున్నాను. అది పోయిందని తెలిసినప్పుడు, పోనీలే, ఆ సగాన్నైనా ఇక ఎవరూ ఏమీ చేయరు అనుకున్నాను. మూడు నెలలు అబద్ధమాడావని నిన్నన్నాను గానీ, నేను ఏడాదిగా ఆడుతున్నాను.

నువ్వు కూడా ఆ రోజు ఆ గదిలోనే ఉన్నావు, తలుపు దగ్గర. నీకేమనిపించింది?

అక్క


గాజు పలకలు కడిగే గది
నవంబరు 15

అక్కా,

వెంటనే రాయలేదు, ఎందుకంటే ఊరడింపు రాయడం నాకు తేలిక, ఇప్పుడు నా ఊరడింపుకి విలువ లేదు. అందుకని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను.

ఎడమ సగం సీసాలో భద్రంగా ఉంది కదా. దాన్ని పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, గాజు పలకల మీద పెట్టి ఇప్పటికే చూశారు. ఆవిడ నన్ను కూచోబెట్టి చూపించింది. నాకు ఊదా చుక్కలు తప్ప ఏమీ తెలియలేదు, ఆ చుక్కలే కణాలని ఆవిడే చెప్పింది. నోటితో మాట పలికించే చోట దాదాపు ఏమీ మిగల్లేదట, చుక్కలు లేని తెల్లటి ఖాళీ. దానికి కాస్త వెనక, ఎదుటివాళ్ళ మాట విని అర్థం చేసుకునే చోట, చుక్కలు ఒత్తుగా, మామూలు మనుషులకున్నట్టే ఉన్నాయట. ఆయన వినేవారు, ఆయనకి తెలిసేది, పైకి మాత్రం ఆ ఒక్క మాటే వచ్చేది అని ఆవిడ అంది.

మరి తెలిసినా, కాదు అనడానికి ఆయనకి మాట లేదు కదా అని నేనే అడిగాను, నువ్వు అడుగుతావని తెలుసు కాబట్టి. అది పలకల మీద కనిపించదని ఆవిడ నిజాయితీగా చెప్పింది. ఆ జవాబు నా దగ్గరుంది. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆఫీసావిడ ముందు కాఫీ ఇచ్చింది, బావగారు అవును అంటూనే కప్పు పక్కకి తోసేశారు. కుర్చీ కిటికీ వైపు జరపనా అంటే, అవును అంటూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. వద్దనడం ఆయనకి వచ్చు. కాగితం చదువుతున్నంతసేపూ మాత్రం ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. కలం ఇవ్వగానే నువ్వు మణికట్టు పట్టుకోకముందే చేయి చాచారు. నువ్వు కాగితం వంక చూస్తున్నావు, అందుకే నీకు తెలియదు.

నువ్వు దొంగతనం చేయలేదు. ఆయన ఇచ్చారు. ఇచ్చినదాంట్లో సగం నేను పోగొట్టాను, అది నాతోనే ఉంటుంది.

బావగారు క్షేమమని రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను, ఎలా నమ్ముతావు? అందుకే డాక్టరమ్మని అడిగి, పలకల మీద ఏముందో ఆవిడ చేత్తోనే రాయించి, సంతకం పెట్టించి, వేరే కవరులో పెట్టి ఇందులో జతచేశాను. అంటించింది ఆవిడే, నేను చదవలేదు. నా మాట పక్కన పెట్టి అది చదువు.

తమ్ముడు


ఇంట్లో
నవంబరు 24

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. లోపల పెట్టిన కవరూ అందింది. నీది చదివాను, తర్వాత ఇంకోసారి చదివాను. కిటికీ దగ్గర కూచుని చాలాసేపు ఏడ్చాను, ఇప్పుడు తేలిగ్గా ఉంది.

డాక్టరమ్మకి నా నమస్కారాలు చెప్పి ఈ కవరు ఆవిడకి తిరిగి ఇచ్చేయి. నేను విప్పలేదు. నువ్వు రాశావు కదా, చాలు.

అక్క